పాత కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే: తప్పు ఎక్కడుందో వరుసగా వెతికే పద్ధతి

ఇంట్లో పదేళ్లు దాటిన కంప్యూటర్ ఉన్నవాళ్లు కర్నూలులోనూ, అనంతపురం, కడప వైపు నుంచీ తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఫోనులో వచ్చే వెబ్‌సైటు కంప్యూటర్‌లో ఎందుకు రావడం లేదు? మీభూమిలో అడంగల్ చూడాలన్నా, పిల్లల హాల్‌టికెట్ ముద్రించుకోవాలన్నా పెద్ద తెర, ప్రింటరు ఉన్న కంప్యూటరే కావాలి కాబట్టి ఈ ఇబ్బంది చిన్నదేమీ కాదు.

ఇటువంటప్పుడు చాలామంది వెంటనే విండోస్‌ను ఫార్మాట్ చేయిస్తారు. దానివల్ల ఫొటోలు, పత్రాలు పోయే ప్రమాదం ఉంటుంది, అసలు లోపం మాత్రం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. కింది వరుసలో వెతికితే ఫార్మాట్ అవసరం చాలా అరుదుగా పడుతుంది.

ఒక్క నియమం చివరిదాకా పాటించండి: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసిన వెంటనే సైటు తెరిచి చూడాలి, ఫలితం లేకపోతే ఆ మార్పును వెనక్కి తీసుకున్న తర్వాతే తరువాతి మెట్టుకు వెళ్లాలి.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- కాగితం, పెన్ను
- కెమెరా ఉన్న ఫోను
- మంచి స్థితిలో ఉన్న ల్యాన్ కేబులు ఒకటి
- సీఆర్ 2032 బిళ్ల సెల్లు (3 వోల్టులది, గడియారాలు బాగుచేసే అంగళ్లలో దొరుకుతుంది)
- స్టార్ స్క్రూడ్రైవర్
- 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ రెండు, ఒకటి ముఖ్యమైన ఫైళ్ల నకలుకు, ఇంకొకటి చివరి పరీక్షకు

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత సైటు తెరవబోయి, తెరపై వచ్చిన హెచ్చరికను పూర్తిగా ఫొటో తీసుకోండి. “ఏదో ఎర్రర్ వచ్చింది” అన్న మాటతో ఎవరూ ఏమీ తేల్చలేరు, కానీ ఆ హెచ్చరిక అడుగున చిన్న అక్షరాల్లో ఉండే పేరు దాదాపు దారి చూపించేస్తుంది.

- “సెర్ట్ డేట్ ఇన్‌వాలిడ్” లేదా “మీ గడియారం వెనుకబడి ఉంది” అనే అర్థం వచ్చే మాట: 3వ మెట్టు
- “డీఎన్‌ఎస్ ప్రోబ్ ఫినిష్‌డ్”: 5వ మెట్టు
- “ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్”, “సెర్ట్ అథారిటీ ఇన్‌వాలిడ్”: 6వ మెట్టు
- “ప్రాక్సీ కనెక్షన్ ఫెయిల్డ్”: 7వ మెట్టు
- పేజీ సగం వచ్చి ఆగిపోవడం, “టైమ్డ్ అవుట్”: 8వ మెట్టు

హెచ్చరిక స్పష్టంగా ఉన్నా 2, 3 మెట్లను మాత్రం ఎవరూ దాటవేయవద్దు.

2. లోపం ఇంటర్నెట్‌దా, కంప్యూటర్‌దా?

ఫోనును ఇంటి వైఫైకి కలిపి అదే సైటు తెరిచి చూడండి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, వైఫై పనిచేయనప్పుడు ఫోను తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది, మనం ఇంటి ఇంటర్నెట్ బాగుందని అనుకుంటాం. అందుకే మొబైల్ డేటాను ముందే ఆపేసి పరీక్షించాలి.

ఫోనులోనూ రాకపోతే కంప్యూటర్ జోలికి పోకండి. ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు గోడకున్న పెట్టె మీది దీపాలు చూడండి. “పీఓఎన్” దీపం నిలకడగా వెలుగుతూ ఉండాలి. “ఎల్‌ఓఎస్” దీపం ఎర్రగా మెరుస్తుంటే పెట్టెకు కాంతి సంకేతం అందడం లేదని అర్థం. మిద్దె మీద నుంచి దిగే సన్నని ఫైబర్ తీగ కిటికీ రెక్క కింద నలిగిందేమో, మేకు దగ్గర మడతపడిందేమో చూడండి. లోపల ఉండేది గాజు పోగు కాబట్టి మడత పడితే మళ్లీ సాపు చేసినంత మాత్రాన బాగుపడదు, లైన్‌మన్ రావాల్సిందే.

దీపాలు బాగానే ఉండి ఇంటర్నెట్ రాకపోతే, ఫైబర్ పెట్టె, రౌటరు, కంప్యూటర్ మూడింటినీ ఆపి ఒక నిమిషం ఆగండి. ముందు పెట్టె వేసి పీఓఎన్ దీపం నిలకడ పడేదాకా చూడండి, ఆపైన రౌటరు, అందరికంటే చివర కంప్యూటర్ వేయండి. మూడూ ఒకే స్విచ్‌బోర్డు మీద ఉండి ఒకేసారి వేస్తే, రౌటరు సిద్ధం కాకముందే కంప్యూటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు) అడిగి, అందక, ఖాళీగా కూర్చుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడకు, బీరువా పైన, గాలి ఆడని చోట ఉన్న రౌటరు మధ్యాహ్నం పూట పదేపదే ఆగిపోతుంటే దాని చోటు మార్చడమే మందు.

ఫోనులో సైటు వచ్చి కంప్యూటర్‌లో రాకపోతేనే ముందుకు సాగండి.

3. తేదీ, గడియారం, బిళ్ల సెల్లు

పాత కంప్యూటర్లలో నేను ఎక్కువసార్లు చూసిన లోపం ఇదే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఒకరోజు పొద్దున్నే పిలిపించారు. “నిన్న రాత్రి దాకా బాగుండె నాయనా, పొద్దున్నుంచి ఒక్క సైటూ రాలేదు” అన్నారు. “రాత్రి కరెంటు పోయిందా సార్?” అని అడిగాను. “పోయె, తెల్లవారుజామున వచ్చె” అన్నారు. తెర కుడివైపు అడుగు మూలన చూస్తే తేదీ 01-01-2009 అని ఉంది. అక్కడితోనే విషయం తేలిపోయింది.

కంప్యూటర్ ఆపేసినా మదర్‌బోర్డు మీది గడియారం నడుస్తూనే ఉండాలి. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె) నుంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తు దానికి సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు, లేదా రాత్రిపూట గోడ దగ్గర స్విచ్ ఆపేసినప్పుడు, ఆ భారమంతా బిళ్ల సెల్లు మీదే పడుతుంది. సెల్లు నిస్సత్తువైతే గడియారం తయారీనాటి తేదీకి వెనక్కి పోతుంది. కరెంటు పోయి వచ్చిన మరునాడే సైట్లన్నీ ఆగిపోయాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తేదీకీ వెబ్‌సైటుకూ ఏమిటి సంబంధమంటే, తాళం గుర్తుతో తెరుచుకునే ప్రతి సైటూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉన్న ధ్రువపత్రం ఒకటి చూపిస్తుంది. బ్రౌజర్ దాన్ని మన కంప్యూటర్ తేదీతో పోల్చుకుంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థ ఇచ్చే ధ్రువపత్రం గడువు సాధారణంగా 90 రోజులే. కాబట్టి గడియారం నాలుగైదు నెలలు వెనక ఉన్నా ఆ పత్రం ఇంకా మొదలే కాలేదని బ్రౌజర్ తిరస్కరిస్తుంది.

సరిచేసే వరుస:

- కుడి మూలన గడియారంపై నొక్కి తేదీ, నెల, సంవత్సరం మూడూ సరిచేయండి. నెల ముందా రోజు ముందా అన్నది చూసుకోండి, 04-05 కాస్తా 05-04 అయిపోవడం మామూలే.
- టైమ్ జోన్‌లో “చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ” ఎంచుకోండి, దాని పక్కన +05:30 అని ఉంటుంది. జోన్ తప్పుగా ఉంచి గంటలు మాత్రం మార్చితే తెర మీద సమయం సరిగ్గా కనిపిస్తుంది కానీ లోపల లెక్క తప్పుతుంది.
- ఏఎం, పీఎం చూసుకోండి.
- “ఇంటర్నెట్ టైమ్”లో “అప్‌డేట్ నౌ” నొక్కండి. తేదీ సంవత్సరాల తేడాతో ఉంటే ఇది పనిచేయకపోవచ్చు, అందుకే ముందు చేత్తో సరిచేయమన్నాను.
- బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

సైట్లు వచ్చేస్తే సంతోషమే, కానీ పని సగమే అయినట్టు. కంప్యూటర్‌ను ఆపి, గోడ దగ్గర కూడా స్విచ్ తీసి పది నిమిషాల తర్వాత వేయండి. తేదీ మళ్లీ వెనక్కి పోతే సెల్లు మార్చాలి.

సెల్లు మార్చే ముందు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డెల్ (డిలీట్) లేదా ఎఫ్ 2 మీట నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే, మదర్‌బోర్డు అమరికల పేజీల్లోకి) వెళ్లి, అక్కడి పేజీలన్నిటినీ ఫొటో తీసుకోండి. ముఖ్యంగా “సాటా మోడ్” (హార్డ్‌డిస్కుతో మాట్లాడే పద్ధతి) అన్నచోట ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా గుర్తుపెట్టుకోండి. సెల్లు తీసినప్పుడు ఈ అమరిక మారిపోతే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది, కొందరు హార్డ్‌డిస్కే పోయిందనుకుని అనవసరంగా కొత్తది కొంటారు.

ఆ తర్వాత కరెంటు తీగ పూర్తిగా ఊడదీసి, పవర్ మీటను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పక్క మూత తీసి, లోపల ఏదీ ముట్టుకోకముందు పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు దానిలోకి పోతుంది. రూపాయి బిళ్లలా మెరుస్తూ కనిపించే సెల్లు పక్కనున్న చిన్న కొక్కేన్ని గోటితో వెనక్కి నెడితే సెల్లు తనే పైకి లేస్తుంది. కొత్తదాన్ని కూడిక గుర్తు పైకి కనిపించేలా పెట్టి నొక్కండి. మూత వేసి, బయోస్‌లో తేదీ, సాటా మోడ్ సరిచేసి, సేవ్ చేసి బయటకు రండి.

ల్యాప్‌టాప్‌లలో ఈ సెల్లు తరచుగా తీగతో అతికించి లోతుగా ఉంటుంది. అనుభవం లేనివాళ్లు తెలిసిన మెకానిక్ చేత మార్పించడం మేలు.

4. కేబులు, వైఫై

వైఫై మీద అనుమానం ఉంటే ల్యాన్ కేబులుతో నేరుగా రౌటరుకు కలిపి చూడండి. కేబులుతో సైట్లు వస్తే లోపం వైఫైలోనే ఉంది. క్లిప్పు విరిగిన కేబులు చూడటానికి తగిలించినట్టే ఉంటుంది కానీ ఫ్యాను గాలికి కూడా కదిలి జారుతుంది, దాన్ని మార్చేయండి. పోర్టులో దుమ్ము ఉంటే మెత్తని పొడి బ్రష్షుతో తుడవండి.

రౌటరు కొత్తదైతే ఇంకో చిక్కు ఉంది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనిపించనే కనిపించదు. డబ్ల్యూపీఏ 3 భద్రత పెట్టిన రౌటరుకు అవి సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా కలవలేవు. రౌటరు అడుగున చీటీ మీద ఉన్న చిరునామా (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్లి, 2.4కు వేరే పేరు పెట్టి, భద్రత డబ్ల్యూపీఏ 2 పర్సనల్, ఏఈఎస్ అని ఎంచుకుంటే సరిపోతుంది. కలవడం లేదని పాస్‌వర్డే తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

5. ఐపీ చిరునామా, డీఎన్‌ఎస్

విండోస్ మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కి, సి, ఎం, డి అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్లని కిటికీ తెరుచుకుంటుంది. కింది కమాండ్లను ఉచ్చారణలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

మొదటి పరీక్ష: ఐపీకాన్ఫిగ్ (ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి). ఐపీవీ 4 అన్న వరుసలో 192.168తో మొదలయ్యే అంకెలుంటే రౌటరు చిరునామా ఇచ్చినట్టే. 169.254తో మొదలైతే రౌటరు నుంచి ఏమీ అందక విండోస్ తనకు తానే పెట్టుకున్న చిరునామా అది. అప్పుడు 4వ మెట్టుకు తిరిగి వెళ్లాలి.

రెండో పరీక్ష: పింగ్ (పి, ఐ, ఎన్, జి), ఖాళీ, 8.8.8.8. నాలుగు జవాబులు వస్తే ఇంటర్నెట్ దారి తెరిచే ఉంది.

మూడో పరీక్ష: పింగ్, ఖాళీ, ఏదైనా ప్రసిద్ధ సైటు పేరు. అంకెలకు జవాబు వచ్చి, పేరుకు “కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్” అని వస్తే పేరును అంకెగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర లోపం ఉంది.

పాత కంప్యూటర్లలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంటుంది. ఏళ్ల కిందట టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించినప్పుడు వచ్చిన మనిషి ఆ సంస్థ డీఎన్‌ఎస్ అంకెలను చేత్తో రాసి వెళ్లి ఉంటాడు. తర్వాత ఫైబర్‌కు మారినా ఆ అంకెలు అలాగే ఉండిపోతాయి, కొత్త కనెక్షన్ నుంచి అడిగితే ఆ పాత సర్వర్ పలకకపోవచ్చు. ఫోనులో అన్నీ వచ్చి కంప్యూటర్‌లో ఏదీ రాకపోవడానికి ఇది చాలు.

సరిచేయడానికి కంట్రోల్ ప్యానెల్‌లో “నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్” తెరిచి, ఎడమవైపు “చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్” నొక్కి, మీ కనెక్షన్‌పై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. “ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4”ను రెండుసార్లు నొక్కితే వచ్చే పేజీలో ఉన్న అంకెలు రాసుకుని, రెండుచోట్లా “ఆటోమేటిక్” అన్నది ఎంచుకోండి. అయినా పేర్లు దొరకకపోతే డీఎన్‌ఎస్‌లో మాత్రం 8.8.8.8, దాని కింద 1.1.1.1 ఇవ్వండి.

చివరగా నల్లని కిటికీలో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, కుడివైపు వాలిన గీత, వెంటనే ఫ్లష్‌డీఎన్‌ఎస్ (ఎఫ్, ఎల్, యు, ఎస్, హెచ్, డి, ఎన్, ఎస్) కొట్టండి, పాత గుర్తులు చెరిగిపోతాయి.

6. కొన్ని సైట్లే రాకపోతే: బ్రౌజర్ వయసు

కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకపోతే, తేదీ కూడా సరిగ్గా ఉంటే, ఎక్కువ సందర్భాల్లో కారణం బ్రౌజరే. సైటూ బ్రౌజరూ రహస్యంగా మాట్లాడుకునే పద్ధతిని టీఎల్‌ఎస్ అంటారు. దానిలో 1.0, 1.1 రకాలను ప్రధాన బ్రౌజర్లు 2020లో వదిలేశాయి, సైట్లు కూడా 1.2, 1.3లకు మారాయి. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పాత పద్ధతిలో పలకరిస్తే సైటు జవాబివ్వదు.

ఏ విండోస్‌కు ఏది చివరి బ్రౌజరో చూసుకోండి:

- విండోస్ ఎక్స్‌పీ, విస్టా: క్రోమ్ 49, ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్‌ఆర్ (ఈఎస్‌ఆర్ అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు అందే రకం). వీటితో నేటి సైట్లు చాలావరకు సరిగ్గా నడవవు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది. ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచమనే నా సలహా.
- విండోస్ 7, 8, 8.1: క్రోమ్ 109, ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, 8.1కు 2023 జనవరి 10న ముగిసింది.
- విండోస్ 10: మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసినా బ్రౌజర్లు ఇంకా కొత్తవి వస్తున్నాయి.

విండోస్ 7 వాడేవాళ్లకు నేను ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్‌నే సూచిస్తాను. దానికి కారణం ఉంది. ధ్రువపత్రాలను నమ్మడానికి కావలసిన మూలపత్రాల జాబితాను ఫైర్‌ఫాక్స్ తనతోనే తెచ్చుకుంటుంది, ఏళ్లుగా అప్‌డేట్ కాని విండోస్ జాబితా మీద ఆధారపడదు. 2021 సెప్టెంబర్ 30న ఒక పాత మూలపత్రం గడువు తీరినప్పుడు, ఎన్నో పాత యంత్రాల్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే సైట్లన్నీ ఒక్క రోజులో ఆగిపోయాయి.

బ్రౌజర్‌ను దాన్ని తయారుచేసినవాళ్ల సైటు నుంచే దించుకోండి. ఆ సైటే తెరుచుకోకపోతే వేరే కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. “ఉచిత డౌన్‌లోడ్” అని ఊరించే ఇతర సైట్ల నుంచి తెచ్చినవాటిలో బ్రౌజర్‌తో పాటు అక్కర్లేనివి చేరి వస్తాయి.

హెచ్చరిక పేజీలో “అయినా వెళ్లు” అన్న మాట నొక్కి బ్యాంకు సైటులోకి పోవడం అతి ప్రమాదకరమైన అలవాటు. మద్దతు ముగిసిన విండోస్‌లో డబ్బుకు సంబంధించిన పని ఏదీ పెట్టుకోకండి, దానికి అప్‌డేట్లు అందుతున్న ఫోను వాడండి.

7. ప్రాక్సీ, హోస్ట్స్ ఫైలు, యాంటీవైరస్

ఒకప్పుడు చేరిన వైరస్‌ను తొలగించినా అది పెట్టిపోయిన అమరికలు మిగిలి ఉంటాయి.

- కంట్రోల్ ప్యానెల్, “ఇంటర్నెట్ ఆప్షన్స్”, “కనెక్షన్స్”, “ల్యాన్ సెట్టింగ్స్”: “యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్” ఎదుట టిక్కు ఉంటే తీసేయండి. ప్రాక్సీ అంటే మన ఇంటర్నెట్‌ను మధ్యలో మరో సర్వర్ గుండా మళ్లించే అమరిక.
- సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్ 32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లో “హోస్ట్స్” ఫైలును (ఏ సైటు పేరు ఏ అంకెకు పోవాలో కంప్యూటర్ ముందుగా చూసుకునే జాబితా) నోట్‌ప్యాడ్‌తో తెరవండి. ముందు హ్యాష్ గుర్తు లేకుండా, మీరు తెరవలేకపోతున్న సైటు పేరు ఉన్న వరుస కనిపిస్తే అదే అడ్డు. ఫైలుకు నకలు తీసి ఆ వరుస తొలగించండి.
- గడువు తీరిన యాంటీవైరస్ సైట్లను మధ్యలో ఆపి పరిశీలిస్తూ తానే అడ్డుపడవచ్చు. కాసేపు ఆపి చూడండి. అదే కారణమైతే తీసేసి, ప్రస్తుతం అప్‌డేట్లు అందుతున్నది పెట్టుకోండి.

8. పేజీ సగంలో ఆగిపోతే

తేలికపాటి పేజీలు వచ్చి, లాగిన్ పేజీలు తెల్లగా ఆగిపోతుంటే పొట్లాల పరిమాణం, అంటే ఎంటీయూ చూడాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో ఈ పరిమితి 1500 బదులు 1492 ఉంటుంది. రౌటరు 1500 అనుకుంటే పెద్ద పొట్లాలు దారిలో పడిపోతాయి.

నల్లని కిటికీలో పింగ్, ఖాళీ, అడ్డగీత ఎఫ్, ఖాళీ, అడ్డగీత ఎల్, ఖాళీ, 1472, ఖాళీ, 8.8.8.8 కొట్టండి. పొట్లం మీది చిరునామా భాగానికి 28 బైట్లు పోతాయి కాబట్టి 1472 అంటే మొత్తం 1500. దీనికి జవాబు రాకుండా 1464కు వస్తే, రౌటరులోని “వాన్” పేజీలో ఎంటీయూను 1492గా మార్చండి.

9. అన్నీ చేసినా రాకపోతే

మిగిలిన రెండో పెన్‌డ్రైవ్‌లోకి వేరే కంప్యూటర్ సాయంతో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈని (విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) రూఫస్ వంటి సాధనంతో ఎక్కించండి. ఇలా చేస్తే ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి మొదటి మెట్టులో నకలు తీసుకున్నదాన్ని వాడకండి. 64 బిట్ ప్రాసెసరు, కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి. మొదలయ్యేటప్పుడు ఎఫ్ 12 (కొన్ని బోర్డుల్లో ఎఫ్ 8, ఎఫ్ 11) నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ మీది “ఇన్‌స్టాల్” గుర్తు మాత్రం నొక్కకండి.

దీనిలో ఫైర్‌ఫాక్స్ తెరిచి ఆ సైటు చూడండి. వస్తే కార్డు, కేబులు, రౌటరు అన్నీ బాగున్నట్టే, లోపం విండోస్‌లో ఉంది. అప్పుడు ఫార్మాట్ చేయించినా, లినక్స్‌కే మారినా అర్థముంది. ఇక్కడ కూడా రాక, ఫోనులో వస్తుంటే నెట్‌వర్క్ కార్డు పాడై ఉండవచ్చు, యూఎస్‌బీ అడాప్టరు ఒకటి తగిలించి చూడండి.

ఈ పరీక్ష తర్వాత విండోస్‌లోకి తిరిగి వచ్చినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక కనిపిస్తే కంగారుపడకండి, కొత్త సెల్లును అనుమానించకండి. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంగా ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయంగా చదువుతుంది. “ఇంటర్నెట్ టైమ్”లో ఒకసారి “అప్‌డేట్ నౌ” నొక్కితే సరిపోతుంది.